ఆవకాయనాఁటి గండము

గ్రీష్మప్రతాపమున వేగావతీతీరసైకతములు పెనములవలెఁ గాలుచుండ మామిడితోఁపులయందు ఘనామ్లఫలభారమునఁ గొమ్మలు నేల నంటుచుండ నింటింట దంచుచున్న యావపిండి ఘాటు వీథిఁ బోవువారికిఁ గూడఁ దుమ్ములు తెప్పించుచుండ నొకానొక వైశాఖపూర్వాహ్ణమున సాలూరు పట్టణమందు రాజ్యలక్ష్మమ్మ మడి కట్టుకొని యావకాయ కలుపఁ గూర్చుండెను.

మడి యనఁగా నామెకు నిప్పు. ఆమె తడిచీర చూచిన పిల్లి సైత మెదురింటి గోడ నెక్కును. కాపురమునకు వచ్చినది మొద లామె మడి నడుమ మైలవస్తువును ముట్టి యెఱుఁగదు. ఐనను నాఁ డామె హృదయము చిన్నపిల్ల హృదయమువలె గంతులు వేయుచుండెను. బాల్యమునుండి వీణ నేర్వవలెనను కోరిక యామెకుఁ గలదు. అది పుట్టింటఁ దీఱలేదు. మెట్టినింట నోరు విప్పి చెప్పలేదు. ఏఁటేఁట నూరగాయ లమ్మి తన పేర బ్యాంకులో దాఁచిన సొమ్ము తుదకు వీణవెల కెనవచ్చెను. ఒంటి పనసమ్రానఁ దొలిచిన వీణ సిద్ధమైనదని బొబ్బిలి పనివాఁడు ముందునాఁడే కబురు పంపెను. ఆవకాయ ముక్కలలోఁ దిరుగుచున్న యామె వ్రేళ్లు తంత్రులను మీటుచున్నట్లే కదలుచుండెను.

ఇంతలో గూటిలోని యామె ఫోను మ్రోఁగెను. భర్తయగు నృసింహావధానులు దానిం దీసి యిరువురకు వినఁబడునట్లు స్పీకరు నొక్కెను.

“అయ్యా! బ్యాంకు ప్రధానకార్యాలయమునుండి మాటలాడుచున్నాము. అమ్మగారి ఖాతా యీ క్షణమే స్తంభింపనున్నది. ఇప్పుడు ఫోనునకు వచ్చెడి యంకెలు చెప్పినచో నాపఁగలము.”

అవధానులు భార్యవంకఁ దిరిగెను.

“ఏమే! వింటివా? ఖాతా మూసివేయుదురఁట! ఇంక నీ వీణమాట దేవుఁ డెఱుఁగును!”

“నేను మడిలో నున్నాను. జాడీ కెత్తిన పిమ్మట మాటలాడెద నని చెప్పుఁడు.”

“అంతదనుక వీలుపడదు! ఫోను పెట్టివేయవలదు! ఈ మాట యిరుగుపొరుగుల కెవ్వరికిని జెప్పవలదు!” అని యా కంఠము గద్దించెను.

రాజ్యలక్ష్మమ్మ చేయి ముక్కలనడుమ నిలిచిపోయెను. బ్యాంకువారి తీ రామె యెఱుఁగనిదా? పాసుపుస్తకమున నాలుగు పంక్తు లచ్చు వేయుఁ డని వేఁడికొనఁగా యంత్రము చెడినది, రేపు రండని చెప్పులరుగఁ ద్రిప్పిన ఘనులు నేఁడు తమంతఁ దామే పిలిచి తొందరపెట్టుదురా? మన పనికై మనకంటె నెక్కువ తహతహలాడువాఁడు చుట్టమైనఁ గావలెను దొంగయైనఁ గావలెను. వీఁడు చుట్టము కాఁడు. పైఁగా నెవ్వరికిఁ జెప్పవలదను మాట యేల?

ఆమె యిట్లు తలపోయుచుండఁగనే ఫోను కిణుక్కుమనెను. తాళము తీయకయే యంకెలు తెరమీఁదఁ గనఁబడెను. అవధానులు దానిఁ గన్నులకు దగ్గఱగాఁ బట్టుకొని “ఏడు... సున్న...” అని చదువ మొదలిడెను.

“ఏమండీ! నోరు మూయుఁడు!”

భర్త నట్లనుట యామె జన్మమున నదియే ప్రథమము. మఱునిమేషమున నామె యావపిండిపళ్లెము తన్నుకొనఁగా లేచి నూనెకారములు కాఱుచున్న చేతితో ఫోను లాగికొని మాట తెగఁగొట్టెను.

“మడి!” అని యవధానులు నోరు తెఱచెను.

“మడి దేమున్నది? చెంబెఁడు నీళ్లు పోసికొని మరలఁ గట్టుకొందును. పోయిన సొమ్ము గంగాస్నానము చేసినను మరల రాదు!”

ఫోను మరల మరల మ్రోఁగెను. ఆమె దానిఁ బలుకరింపలేదు. పాసుపుస్తకముపై నున్న సంఖ్యకుఁ దానే పిలువఁగా నచ్చటి యుద్యోగిని “అమ్మా! మే మెవ్వరము మిమ్ముఁ బిలువలేదు. ఆ యంకెలు మా కైనను జెప్పఁగూడదు. మీ సొమ్ము భద్రముగా నున్నది. ఇప్పుడే యిట్టి మోసములఁ జూచు 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయుఁడు” అని చెప్పెను. అది విని రాజ్యలక్ష్మమ్మ నవ్వెను. నవ్వుచు నవ్వుచునే యేడ్చెను. కారపుచేతఁ గన్నులు తుడుచుకొని మఱింత యేడ్చెను. ఫిర్యాదు చేసి స్నానమాడి మరల మడి కట్టుకొని మిగిలిన ముక్కలు కలిపెను.

ఆలస్యమున నమృతము విషమగు నని పెద్దల మాట. తొందరపెట్టువాఁడు తెచ్చిన విషము మాత్ర మాలస్యముచేతనే విఱిగిపోవును.

వీణ వచ్చిన నాఁటి సాయంకాలమున నామె మొదటి తంత్రిని మీటెను. ఆ నాదము వీణ పనసకుండలోఁ దిరిగి యిల్లంతయు నిండుచుండఁగా గూటిలో నెఱ్ఱని కారపుమరకల ఫోను మ్రోఁగెను. భార్య తల యెత్తకమునుపే యవధానులు దాని నందుకొని యొక్క నిమిషము వినెను.

“అయ్యా! మా యావిడ మడిలో నున్నది. ఆవకాయ యూరిన పిదపఁ బిలువుఁడు” అని పెట్టివేసి వచ్చి యామె యెదుటఁ జాపపైఁ గూర్చుండెను.