తుడిచేసిన గుర్తు

రెజిస్‌కి ఆ సాయంత్రం కావలసింది ఒక్కటే. కింద ఎర్రమట్టి మీద కాళ్లీడ్చుకుంటున్న ఆ ఇద్దరు కుర్రాళ్లూ ఇంకో అరగంట కుప్పకూలకుండా ఆడాలి. ఆడితే ముప్పై ఎనిమిదేళ్లుగా తన మెడకు వేలాడుతున్న రికార్డు ఊడి వాళ్ల మెడలో పడుతుంది. పారిస్ టెన్నిస్ టోర్నమెంటులో అన్నిటికంటే ఎక్కువసేపు సాగిన మ్యాచ్ అన్న రికార్డు అది. ఆ మ్యాచ్‌లో గెలిచినవాడు గిలెన్, ఓడినవాడు రెజిస్.

గెలిచినవాడు పక్క సీట్లోనే కూర్చుని హ్యాం పెట్టిన రొట్టె నములుతున్నాడు. టోర్నమెంటువాళ్లు ఏటా ఇద్దరికీ మొదటి వరసలో పక్కపక్కనే సీట్లిస్తారు. రాకపోతే ఓడినవాడు ఇంకా కుళ్లుకుంటున్నాడు అంటారని రెజిస్ వస్తాడు.

లిమోజ్‌లో చెప్పుల షాపు నడిపినన్నాళ్లూ అదే గోల. కాలు కొలవడానికి కిందికి వంగితే చాలు, పైనుంచి "ఆ మ్యాచ్ ఓడిపోయింది మీరేనా?" అని ప్రశ్న. కొనేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అంతకుముందు అతను గెలిచిన ఆటలు ఎవడిక్కావాలి? ఆ మాటకొస్తే గిలెన్‌కి మాత్రం ఏం ఒరిగింది! తర్వాతి మ్యాచ్‌లో రాకెట్ ఎత్తే సత్తువ లేక ఒక్క గేమూ గెలవకుండా ఇంటిదారి పట్టాడు. అయినా వాళ్లూరి క్లబ్బు గోడ మీద అతని పేరు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది.

రెజిస్ కట్టుకున్న పెళ్లాంతో కూడా చెప్పని ముక్క ఒకటుంది. ఆనాటి ఆఖరి బంతి గీతకి బయటే పడింది. గీత దగ్గర నిలబడ్డ మనిషి "అవుట్" అని అరిచాడు కూడా. మట్టి కోర్టులో బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. ఆ కేక తప్పు, బంతి లోపలే పడింది అని ఆటగాడికే అనిపిస్తే బూటుతో ఆ గుర్తు తుడిచేసి పాయింటు వదులుకుంటాడు. అది అక్కడి మర్యాద. రెజిస్ వెళ్లి చూశాడు. గుర్తుకీ గీతకీ మధ్య వేలెడు మట్టి ఉంది. తొడలు పట్టేశాయి, ఇంకా ఆడాలన్న ఆలోచనకే ఏడుపొచ్చింది. బూటుతో తుడిచేశాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత నిజాయితీ అని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. ఓటమిని అతను ఎలాగో మింగాడు గానీ ఆ పొగడ్త ఇప్పటికీ గొంతు దిగలేదు. ఇవాళ రికార్డు పోతే ఆ మ్యాచ్ ఊసు ఇక ఎవరూ ఎత్తరు.

"ఏరా, మొహం అలా వెలిగిపోతోంది? మన రికార్డు పోతుంటే సంబరంగా ఉందా?" అన్నాడు గిలెన్.

"మనది కాదు, నీది."

"ఇద్దరం ఆడితేనే కదరా అంతసేపయింది? నేనొక్కణ్ణే గోడకేసి కొట్టుకున్నానా?"

"అయితే ఆ క్లబ్బు గోడ మీద నా పేరు కూడా రాయించు."

"చోటు లేదురా. నా పేరు కింద కాఫీ ధరలు రాసేశారు."

రెజిస్‌కి నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పి పుట్టింది.

కింద అయిదో సెట్టు నడుస్తోంది. పడమటి తీరం నుంచి వచ్చిన బ్రెటన్ కుర్రాడు ఎలువాన్ పాయింటుకీ పాయింటుకీ మధ్య రాకెట్‌ను చేతికర్రలా నేలకి ఆనించి నిలబడుతున్నాడు. అవతల చిలీవాడు బ్రౌలియో పరిస్థితీ అంతే. ఇద్దరూ ఆడుతున్నారనడం కంటే ఆగలేకపోతున్నారనడం న్యాయం. బ్రౌలియోకి మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, ఒక్కటి దక్కితే గెలుపే, ఎలువాన్ కాచుకున్నాడు. మళ్లీ వచ్చాయి, మళ్లీ కాచుకున్నాడు.

"ఆడు నాయనా, ఆడు," అని గొణిగాడు రెజిస్. "ఇంకో పది నిమిషాలు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకోవాల్సింది నువ్వు కాదురా, మాలిష్ చేసేవాడు," అన్నాడు గిలెన్. కానీ అతనూ రొట్టె నమలడం మానేశాడు.

ఇంకో మ్యాచ్ పాయింటు. బ్రౌలియో కొట్టిన బంతి సాగి సాగి సరిగ్గా వీళ్ల సీట్ల కిందే, వెనక గీత దగ్గర పడింది. "అవుట్!" అన్న కేక వినబడింది. బ్రౌలియో అనుమానం కూడా వ్యక్తం చెయ్యలేదు. తల వంచుకుని తరవాతి పాయింటుకి వెనక్కి తిరిగాడు.

ఎలువాన్ మాత్రం ఆ గుర్తు దగ్గరికి నడిచాడు. రెజిస్ ముందున్న అడ్డుకమ్మీ మీద నుంచి వంగి చూశాడు. గుర్తుకీ గీతకీ మధ్య ఎర్రమట్టి స్పష్టంగా కనబడుతోంది. కుర్రాడు దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి, కళ్లు మూసుకున్నాడు.

"వద్దురా!" అని అరిచాడు రెజిస్. "ఒరే, వద్దు!"

ఎలువాన్ బూటుతో గుర్తు తుడిచేశాడు.

స్టేడియం అంతా ఒక్కసారిగా లేచింది. ఎంత గొప్ప మనసు అంటూ వెనక సీటావిడ కళ్లొత్తుకుంది. మ్యాచ్ అయిపోయింది. రికార్డు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

రెజిస్ కూలబడ్డాడు. కుర్రాడి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. ఏ మొహం పెట్టుకుని తెచ్చుకుంటాడు? జాలి మాత్రం వచ్చింది, అదీ కుర్రాడొక్కడి మీదే కాదు. బతికినన్నాళ్లూ ఇక ఇంతే అనుకున్నాడు. గిలెన్ ఇప్పుడు భుజం మీద చరిచి కేకలేస్తాడని ఎదురుచూశాడు.

గిలెన్ కేకలెయ్యలేదు. సగం తిన్న రొట్టెను కాగితంలో చుట్టాడు.

"అది బయటే పడిందిరా," అన్నాడు.

రెజిస్ కింద చెరిగిన గుర్తు వైపే చూశాడు.

"వీడూ నీలాగే తుడిచేశాడు."

రెజిస్ అతని వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"కొట్టినవాడికి తెలియదట్రా? రాకెట్ దాటగానే తెలిసింది, అవుటని. నువ్వెళ్లి తుడిచావు. అది కాదు, అవుటే అని చెబుదామని నోరు తెరిచాను కూడా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంకా ఆడాలి కదరా," అన్నాడు గిలెన్. "నాకూ ఓపిక లేదు."

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. కింద నెట్ దగ్గర, గెలిచిన బ్రౌలియో ఓడినవాడి చెయ్యి పట్టుకుని ఎంతకీ వదలడం లేదు. తల మాత్రం ఎత్తలేదు.