కొట్టంతటికీ తెలిసిన పాస్‌వర్డు

నేను ఒక కీబోర్డును. నల్లటి ఒళ్లు, ఒంటి నిండా తెల్లటి అక్షరాలు. ఇన్ని అక్షరాలున్నా చదువు రాదు నాకు. ఎవరి వేలు ఎక్కడ పడిందో అది మాత్రం తెలుస్తుంది. పడింది పడినట్టు తీగలోంచి పంపేస్తాను. నా పని అంతవరకే. మాట్లాడే అలవాటు లేదు. ఈ నాలుగు ముక్కలూ కూడా విసుగెత్తిపోయి చెబుతున్నాను.

పుట్టింది ఎక్కడో సముద్రం అవతల, ఒక పెద్ద షెడ్డులో. ఒకావిడ నా మీటలన్నీ వరసగా నొక్కి చూసి, పర్లేదన్నట్టు పక్కకి తోసింది. అట్టపెట్టెలో పడుకుని ఓడెక్కాను, లారీ ఎక్కాను, తాడేపల్లిగూడెంలో దిగాను. పెట్టె విప్పినది తాతబ్బాయి గారు. ఉల్లిపాయల వ్యాపారంలో పైకొచ్చి చవక కొట్లు పెట్టిన మనిషి. ‘ముత్యాలమ్మ చవక బజార్’ అని ఊరికొక కొట్టు తెరిచాడు.

విప్పీ విప్పగానే నాకు పసుపు రాశారు. కుంకుమ బొట్టు పెట్టారు. ఆ పసుపు మీటల సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది. సిద్ధాంతి గారు గడియారం చూసి, "ఊఁ, ఇప్పుడు కొట్టండి" అన్నారు. తాతబ్బాయి గారు ఒక్క వేలితో వెతుక్కుంటూ అమ్మవారి పేరు కొట్టాడు. దాని వెనక తనకి కలిసొచ్చే అంకె కొట్టాడు. అదీ పాస్‌వర్డు. తాళంచెవి లాంటిదన్నమాట. అది కొడితేనే కంప్యూటరు తలుపు తీస్తుంది.

అమ్మవారి పేరేమో కొట్టు బోర్డు మీద బారెడు అక్షరాల్లో ఉంది. ఆ అంకేమో ఆయన కారు వెనకా ఉంది, సరుకు తెచ్చే వ్యాను వెనకా ఉంది. అన్ని ఊళ్లలోని అన్ని కౌంటర్లకీ అదే పాస్‌వర్డు. మనిషికో పేరు లేదు. ఎవరు కూర్చున్నా కంప్యూటరుకి తాతబ్బాయి గారే.

కంప్యూటర్లు బాగుచేసే అతను ఒకసారి చెప్పి చూశాడు. "అన్నిటికీ ఒకటే తాళమైతే ఇబ్బందండి బాబూ. మార్చేద్దామండి."

"ముహూర్తం పెట్టించి కొట్టిన మాట. మార్చమంటావేంటి? కొట్టు ఎత్తేయమంటావా?" అన్నాడు తాతబ్బాయి గారు.

అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నా ముందు కూర్చునేది సత్యవేణి. ముప్పై దాటిన మనిషి. వేళ్లు తేలిక. వేరేవాళ్లలా మీటల మీద పిడకలు కొట్టినట్టు కొట్టేది కాదు. ప్రతి బిల్లుకీ ముందు, "ఫోన్ నంబరు చెప్పండి" అని అడగాలి ఆవిడ. చెబితే పాయింట్లు వస్తాయట. ఈ జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. వంకాయల దగ్గర రూపాయి కోసం గంట వాదించే మనుషులు, నంబరు అడగ్గానే లైనంతా వినేలా చెప్పేసేవారు. ఇంటిపేరుతో సహా.

ఆ నంబర్లన్నీ ఒకరోజు ఎవరో ఎత్తుకుపోయారు. ఊళ్లోవాళ్లకి ఫోన్లు మొదలయ్యాయి. మీరు ముత్యాలమ్మలో సరుకులు కొన్నారు కదా, బహుమతిగా గ్రైండరు తగిలింది, మీ ఫోనుకి వచ్చిన అంకెలు చెప్పండి అని. చెప్పినవాళ్ల బ్యాంకు ఖాతాలు ఖాళీ అయ్యాయి. వాళ్లంతా వచ్చి సత్యవేణి మీద పడ్డారు. నంబరు అడిగింది ఆవిడే కదా మరి.

తాతబ్బాయి గారు కంప్యూటరుని అడిగిస్తే, తీసింది తాతబ్బాయి గారే అని చెప్పింది. అందరూ ఆయన పేరుతోనే తెరుస్తారు కాబట్టి అది ఇంకేం చెబుతుంది? ఆయన పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టి మొహాల్లోకి చూశాడు.

"నేను కాదండి," అంది సత్యవేణి.

"నువ్వని ఎవరన్నారమ్మా?"

"కాదనీ ఎవరూ అన్లేదు కదండీ."

నువ్వు కాదులే అన్న మాట ఆయన దగ్గర్నుంచి రాలేదు. ఆవిడ ఆ నెలాఖరుకి మానేసి, రోడ్డుకి అవతలి పక్కనున్న ‘పొదుపుపేట’లో చేరింది. అదీ చవక కొట్టే, అదీ ఊరికొకటి. అక్కడ ఎవరి పాస్‌వర్డు వాళ్లదే. ఒకరి పాపం ఇంకొకరికి అంటదు. ఆవిడకి కావలసింది అదే. తన పేరు తనకుండాలి.

కొన్నాళ్లకి తాతబ్బాయి గారు కొట్టు సింగారించి పాత సామాను అమ్మేశాడు. చవగ్గా వస్తే శత్రువు సామాను కూడా కొనే పొదుపుపేట వాళ్లు నన్నూ కొన్నారు. బల్ల మీద పెట్టగానే సత్యవేణి సందుల్లో పసుపు చూసింది. "ఓసి, నువ్వా!" అంది. నన్ను పేరు పెట్టి పలకరించినట్టే అనిపించింది.

పొదుపుపేట మేనేజరు ఫణీంద్ర. ఇస్త్రీ చొక్కా, మెళ్లో తాడుకి కార్డు. ఆ కొట్టు చూస్తే భయమేసేది. తలుపు దగ్గర వేలిముద్ర యంత్రం. నెత్తి మీద కెమెరాలు. గోడకి పెద్ద కాగితం, మీ పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదు అని ఉందట. పాస్‌వర్డులో అంకె ఉండాలి, వంకర గుర్తు ఒకటి ఉండాలి, నెలనెలా మారాలి. హమ్మయ్య, మనుషుల్లో పడ్డానురా అనుకున్నాను. ఆ సంబరం మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఉంది.

నెలనెలా మారితే ఎవరికి గుర్తుంటుంది? అందుకని ఫణీంద్ర ఒక పద్ధతి పెట్టాడు. అందరి పాస్‌వర్డులూ తనే పెడతాడు. మనిషి పేరు, ఆ నెల అంకె, చివర వంకర ‘ఎ’ గుర్తు, ఈమెయిలు అడ్రసుల మధ్యలో ఉంటుందే అది. సత్యవేణి అన్నానికి లేస్తే పక్క కౌంటరు మంగతాయారు వచ్చి ఆవిడ కుర్చీలో కూర్చునేది. లైను ఆగకూడదు, అది ఆ కొట్టు చట్టం. కంప్యూటరు మూసుకుపోయి ఉండేది. అప్పుడు మంగతాయారు గొంతెత్తేది.

"ఫణీంద్ర గారండోయ్! వేణి పాస్‌వర్డు ఏంటండీ?"

బియ్యం బస్తాల దగ్గర్నుంచి జవాబు. "వేణి అని కొట్టి ఆరు ఎయ్యమ్మా! చివర్న వంకర ఎ!"

లైన్లో పాతికమంది. బుట్టలు పట్టుకుని వింటూ నిలబడేవాళ్లు.

సత్యవేణి అన్నం చేత్తోనే వచ్చింది ఒకరోజు. "అట్లా అరవకండి సార్. నా పేరు మీద ఉంటది అదంతా."

"ఇక్కడున్నోళ్లంతా మనోళ్లేగా వేణీ. ఎవరు దొంగలో చెప్పు, వాళ్లని పంపించేద్దాం," అన్నాడు ఫణీంద్ర. లైన్లోవాళ్లు నవ్వారు. ఆవిడ లోపలికెళ్లి చేయి కడుక్కుంది. అన్నం పూర్తిగా తినలేదని మంగతాయారు తర్వాత ఎవరితోనో అంది.

ఆ రోజుల్లోనే ఇందుశేఖర్ అనే పరిశీలకుడు వచ్చాడు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఈ రెండు కొట్లలో ఒకదాన్ని కొందామనుకుంటోంది. ఎవరు జనం వివరాలు బాగా దాస్తున్నారో పోల్చి చూసి మార్కులు వేయమని అతన్ని పంపింది. ముందు ముత్యాలమ్మకి వెళ్లాడట. పాస్‌వర్డు ఎలా పెట్టారండి అని అడిగితే, తాతబ్బాయి గారు కాఫీ తెప్పించి ముహూర్తం కథంతా చెప్పి, ఆఖర్న పాస్‌వర్డు కూడా చెప్పాడట. ఫణీంద్ర ఆ సంగతి అందరికీ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత ఇక్కడికి వచ్చాడు. వేలిముద్ర యంత్రాన్ని చూశాడు. కెమెరాలు లెక్కపెట్టాడు. గోడ మీది కాగితాన్ని ఫొటో తీశాడు. ఏసీ గదిలో కూర్చుని ఫణీంద్ర చెప్పిందంతా రాసుకున్నాడు. బిల్లు బల్ల దగ్గర మాత్రం ఒక్క నిమిషం నిలబడలేదు. పొదుపుపేటకి మంచి మార్కులు పడ్డాయి. స్వీట్లు పంచారు. లడ్డు జిడ్డు నా మీటలకి అంటింది.

తలుపు పక్కన ఒక బల్ల వేసుకుని లక్కీ డ్రా పెట్టె పెట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. బంగారం తగులుతుందని చెప్పి జనం చేత అందులో చీటీలు వేయించుకునేవాడు. ఫణీంద్రే రానిచ్చాడు, అద్దె వస్తుందని. రోజంతా అక్కడే కదా, అరుపులన్నీ విన్నాడు. ఒక మధ్యాహ్నం సత్యవేణి అన్నానికి వెళ్లింది. మంగతాయారుకి ఫోనొచ్చి పక్కకి తప్పుకుంది. నా మీద వేళ్లు పడ్డాయి. కొత్త వేళ్లు. గోళ్లు పొడుగు. వేణి, ఆరు, వంకర ఎ. తడబాటే లేదు. జనం నంబర్లన్నీ పెన్‌డ్రైవు అనే ఒక చిన్న ముక్కలోకి లాక్కుని జేబులో వేసుకుని, వెళ్లి పెట్టె పక్కన కూర్చున్నాడు. మర్నాడు పెట్టే లేదు, మనిషీ లేడు. కెమెరా చూసి ఉంటుంది కదా అంటారేమో. ఆ కెమెరాకి ఎదురుగా ఆషాఢం తగ్గింపు ధరల బ్యానరు కట్టారు.

మళ్లీ అవే ఫోన్లు. ఈసారి గ్రైండరు కాదు, ఫ్రిజ్. టైలరు యేసుబాబు కొత్త మిషను కోసం దాచుకున్నదంతా పోయింది. అతను సత్యవేణి ముందు నిలబడి అరవలేదు, తిట్టలేదు. "నంబరు నీకే చెప్పాను కదమ్మా," అన్నాడు. అంతే. ఆవిడ వేలు ఒక మీట మీదే ఉండిపోయింది. ఒకే అక్షరం వరసగా పడిపోయింది. పడింది పడినట్టు పంపేశాను. ఏం చేయను?

ఇక్కడ కంప్యూటరు స్పష్టంగా చెప్పింది. తీసింది సత్యవేణి అని. తన పేరు తనకుండాలని వచ్చిన మనిషికి ఆ పేరే ఎదురు తిరిగింది.

ఫణీంద్రకి తొందర. కంపెనీ బేరం తెగేలోపు దొంగ దొరకాలి. దొంగ దొరికితే మార్కులు తగ్గవు. "మానేస్తున్నానని రాసిచ్చెయ్ వేణీ. పోలీసుల దాకా పోనివ్వను, నాది పూచీ" అన్నాడు మెత్తగా.

"చెయ్యని పనికి ఎందుకు రాస్తానండి? ఊళ్లో ఎవరి మొహం చూస్తాను? మళ్లీ నాకు ఏ కొట్లో పని ఇస్తారు?"

"నీ పాస్‌వర్డు నీకు తప్ప ఎవరికి తెల్సు?"

ఈ మాట అన్నది బియ్యం బస్తాల దగ్గర్నుంచి అరిచిన ఆ నోరే. నాకు నోరుంటే ఏమనేదాన్నో తెలీదు.

ఇందుశేఖర్ మళ్లీ వచ్చాడు, విచారణకి. ఈసారి గది దాటి బిల్లు బల్ల దాకా వచ్చి నిలబడ్డాడు. సత్యవేణిని నా ముందునుంచి లేపారు. బిల్లులు ఆగిపోయాయి. సంత రోజు, లైను తలుపు దాటింది. ఫణీంద్ర చేతులూపుతూ చెబుతున్నాడు. "మా దగ్గర ఎవరి పాస్‌వర్డు వాళ్లకే సార్. పక్కనోడికి కూడా తెలీదు. అంత కట్టుదిట్టం."

లైన్లో మొదట అచ్చాయమ్మ గారున్నారు. రోజూ వచ్చే పెద్దావిడ. కందిపప్పు పొట్లాలు చంకలో పెట్టుకుని చాలాసేపు ఓర్చుకున్నారు.

"ఏవయ్యా, ఎంతసేపు నిలబెడతారు? మోకాళ్లు పీకేస్తన్నాయి. మూసుకుపోయిందా అది?"

"ఆగండమ్మా, ఇంకో పని మీద ఉన్నాం," అన్నాడు ఫణీంద్ర.

"పాస్‌వర్డు మర్చిపోయారేమో. రాసుకో బాబూ, నే చెప్తాను. వేణి అని కొట్టు. తర్వాత ఆరు. చివర్న ఆ వంకర ఎ."

వెనక నిలబడ్డ లుంగీ మనిషి తల ముందుకి చాపాడు. "ఆరు కాదు పిన్నిగారూ. నెల మారింది కదండీ, ఏడు."

"అవును నాయనా, ఏడే. నా మతిమరుపు పాడుగాను."

ఇంకెవరో వెనకనుంచి, "మంగతాయారు కౌంటరు తెరవమనండి, దాందీ ఏడే!" అన్నారు.

ఇందుశేఖర్ వంగి, ఒక్కో మీటే నొక్కాడు. వేణి. ఏడు. వంకర ఎ. పడింది పడినట్టు పంపాను. నా బతుకులో ఇష్టంగా పంపింది అదొక్కటే. తెర తెరుచుకుంది.

అచ్చాయమ్మ గారు, "చూశావా, నే చెప్పలా" అని పప్పు పొట్లాలు బల్ల మీద పెట్టారు.

సత్యవేణి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కూర్చోవచ్చా సార్?" అని అడిగింది ఇందుశేఖర్‌ని. ఫణీంద్రని కాదు. ఇందుశేఖర్ పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ కూర్చుని పప్పు బిల్లు కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పడలేదు. యేసుబాబు పోగొట్టుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

రెండు కొట్లకీ ఒకటే మార్కు వేశాడట ఇందుశేఖర్. ఎంతో చెప్పను, నాకే సిగ్గు. హైదరాబాదు కంపెనీ ఏదీ కొనలేదు.

ఇక ఫణీంద్ర పైవాళ్లకి జవాబు రాయాలి కదా. రాశాడు. కీబోర్డు పాతది, మీటలు అరిగిపోయాయి, అరుగుడు చూసి పాస్‌వర్డు పట్టేశారు, కాబట్టి కీబోర్డులు మార్చాలి అని. పైవాళ్లు నమ్మారు. ఆ కొట్లో పాస్‌వర్డు ఎవరికీ చెప్పనిది నేనొక్కదాన్నే. నన్నే తీసేశారు.

తలుపు దగ్గర అట్టపెట్టెలో పడి ఉండగా చివరిసారి చూశాను. కొత్త కీబోర్డు బల్లెక్కింది. పాస్‌వర్డు తనే పెట్టుకుంటానంది సత్యవేణి. ఎడమ అరచేయి గొడుగులా అడ్డం పెట్టి కొట్టుకుంది. లేచి వెళ్లేటప్పుడు మూసేసి వెళ్లింది. లైను ఆగింది.

"ఏంటే, పరమాన్నం దాచుకున్నట్టు దాచుకుంటన్నావ్?" అంది మంగతాయారు.

"అన్నం తినొస్తాను. ఆగమను," అంది సత్యవేణి.

జనం సణిగారు. బియ్యం బస్తాల దగ్గర్నుంచి ఏ అరుపూ రాలేదు.

ఇప్పుడు పాత ఇనుప సామాను కొట్లో, విరిగిన ఫ్యాను రెక్క కింద ఉన్నాను. మీటలు సగం ఊడిపోయాయి. పసుపు మాత్రం ఉంది. ఇందాక కొట్టువాడి పెళ్లాం రోడ్డు అవతల టీ బడ్డీ నుంచి కేకేసింది. "ఏవయ్యో! నీ ఫోను తెరుచుకోట్లేదు, అంకెలేంటీ?"

వాడు ఇటునుంచి అటు, లారీల మోత మీదుగా, నాలుగు అంకెలూ విడివిడిగా అరిచాడు. వినపడలేదని మళ్లీ అరిచాడు.

సత్యవేణి అరచేయి గుర్తొచ్చింది. ఆ నీడ కొత్తదానికి దక్కింది. ఒక్కపూట నా మీద పడి ఉంటే బాగుండేది.