మెట్ల మీద మిరపగింజ

అయిదో తరగతి గోడకు మంచి పనుల చార్టు తగిలించిన రోజు నుంచీ మా మనవరాలి బ్యాగు దాని భుజాన ఉండడం మానేసింది.

చార్టు పెట్టింది వాళ్ల సోషల్ టీచరు. మంచి మనిషే. పుస్తకంలో దయ గురించి ఒక పాఠం ఉంది. దాన్ని చదివి వదిలేస్తే పిల్లల బుర్రకెక్కదని, పెద్ద అట్ట మీద అందరి పేర్లూ రాసింది. ఎవరైనా ఇంకొకరికి సాయం చేస్తే పేరు పక్కన మెరుపు కాగితం నక్షత్రం అంటిస్తానంది. నెలాఖరుకు ఎవరికి ఎక్కువ నక్షత్రాలుంటే వాళ్లు ఒకరోజంతా స్కూలు గంట కొట్టొచ్చు. గంట కొట్టడమంటే మామూలు విషయమా! పిల్లలు సాయం చేయడానికి మనుషుల కోసం వెతుక్కోవడం మొదలెట్టారు.

ఎక్కువ దూరం వెతకాల్సిన పని లేకపోయింది. మా పిల్లకు పుట్టుకతోనే ఎడమ కాలు కాస్త పొట్టి. బూట్లు కుట్టే ఆయన ఆ కాలి బూటుకు మందపాటి అడుగు వేసిచ్చాడు. దాంతో అది నడుస్తుంది, మెట్లెక్కుతుంది, కోపమొస్తే పరిగెత్తుతుంది కూడా. కోపం దానికి తరచుగానే వస్తుంది. అందుకే ఇంట్లో మిరపగింజ అంటాం.

దాని అమ్మ, అంటే మా అమ్మాయి, పొద్దున్నే బట్టల దుకాణంలో పనికి వెళ్లిపోతుంది కాబట్టి స్కూలుకు దింపేది నేనే. చార్టు పెట్టిన మర్నాడు మేం గేటు దగ్గరికి వెళ్లేసరికి, రైలు దిగిన సామాను మీద కూలీలు పడ్డట్టు పిల్లలు దాని మీద పడ్డారు. ఒకడు బ్యాగు లాక్కున్నాడు. ఒకమ్మాయి నీళ్ల సీసా పట్టుకుంది. ఇంకొకమ్మాయి లంచ్ బాక్స్ తీసుకుంది. వెనకొచ్చినవాడికి ఏమీ మిగల్లేదు. వాడు కాసేపు దిక్కులు చూసి దాని మెడలో ఉన్న ఐడి కార్డు పట్టుకున్నాడు.

“ఇది నేను తెస్తా.”

“మెడతో సహా తీసుకుపోరా,” అంది మా పిల్ల.

బ్యాగు పట్టుకున్నవాడు క్లాసు లీడరు. పొడుగ్గా ఉంటాడు, మర్యాదస్తుడు. “మీరేం దిగులు పడకండి అమ్మమ్మగారూ, మేమందరం లేమూ?” అన్నాడు నాతో. అని బ్యాగుతో మెట్లన్నీ ఎక్కేశాడు. దాని పెన్సిలు, నోటుపుస్తకాలు, చలికోటు అన్నీ దానికంటే ముందే క్లాసుకు చేరిపోయాయి. అది మాత్రం ఉత్త చేతులతో గేటు దగ్గర మిగిలింది.

సాయంత్రం బూట్లు విప్పుకుంటుంటే అడిగాను.

“నీకెన్ని నక్షత్రాలొచ్చాయే?”

“సున్నా.”

“అదేంటి, నువ్వెవరికీ సాయం చేయలేదా?”

“చేయనిస్తే గదా! బోర్డు తుడిచే డస్టరు కింద పడితే తీయబోయాను. ‘నువ్వు వంగకు’ అని లీడరు తీసేశాడు. వాడికి రెండు నక్షత్రాలు. డస్టరు తీసినందుకొకటి, నన్ను వంగనివ్వనందుకొకటి.”

నవ్వు ఆపుకోలేకపోయాను.

“నవ్వకు అమ్మమ్మా. ఆ క్లాసులో వాళ్లందరూ పిల్లలు. నేనొక్కదాన్నే వాళ్లు చేసే మంచి పనిని.”

నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“వద్దని చెప్పొచ్చు కదే?”

“చెప్పాను. మొహమాటపడుతున్నాననుకుంటున్నారు.”

దాన్ని ఎరిగినవాళ్లెవరూ అలా అనుకోరు. కానీ నక్షత్రాల మోజులో ఉన్నవాళ్లకు అవన్నీ ఎందుకు?

తర్వాతి వారం సోషల్‌లో పౌరహక్కుల పాఠం మొదలైంది. దాని పుస్తకాలు సాయంత్రంపూట నేనూ చదువుతాను. ఒక పేరా అది, ఒక పేరా నేను. ఒకప్పుడు ఒక దేశంలో ఎవరు బస్సులో ఎక్కడ కూర్చోవాలో ఒంటి రంగును బట్టి చట్టమే చెప్పేదట. పని నుంచి ఇంటికి పోతున్న ఒకావిడను సీట్లోంచి లేవమంటే లేవలేదట. ఆ పేరా నా వంతుకు వచ్చింది.

“తిట్టిందా?” అడిగింది మిరపగింజ.

“తిట్టినట్టు ఇక్కడ లేదు.”

“పోనీ, కొట్టిందా?”

“లేదే. కూర్చుంది. అంతే.”

దానికి నమ్మబుద్ధి కాలేదు. పుస్తకం లాక్కుని ఆ పేరా మళ్లీ చదువుకుంది. “తిట్టకుండా ఎలా ఉండగలిగిందో!” అంది చివరికి.

శుక్రవారం సాయంత్రం సోషల్ టీచరు గేటు దాకా వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“అమ్మమ్మగారూ, మీకో మంచి కబురు. పెద్ద మేడంతో మాట్లాడాను. సోమవారం నుంచి పాపను కింది అంతస్తులో బి సెక్షనుకు మారుస్తున్నారు. ఇక మెట్లెక్కే బాధ ఉండదు.”

“చల్లగా ఉండమ్మా,” అన్నాను.

“మరి బుడంకాయ?” అంది మా పిల్ల.

బుడంకాయ దాని స్నేహితురాలు. గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ.

“తను పై అంతస్తులోనే ఉంటుంది కదమ్మా. విరామంలో కలుసుకోవచ్చు.”

టీచరు వెళ్లిపోయింది. మేం ఇంటి దారి పట్టాం. సగం దారిలో అది ఆగింది.

“నన్నెవరైనా అడిగారా?”

“నీ మంచికే కదే.”

ఇప్పుడు తిట్ల దండకం అందుకుంటుందని చూశాను. తిట్టలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది, అన్నం తిన్నది, వాళ్లమ్మతో మామూలుగానే మాట్లాడింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సోమవారం దాన్ని దింపి ఇంటికొచ్చి ఇల్లు ఊడుస్తుంటే ఫోను మోగింది.

“పెద్దమ్మా, స్కూలు అటెండర్ని. మీ మనవరాలు మెట్ల మీద ఉంది. మేడంగారు మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు.”

“అయ్యో, పడిందా?”

“పడలేదమ్మా. కూర్చుంది.”

“ఎవర్నైనా తిడుతోందా?”

“లేదు. నోరే విప్పట్లేదు.”

నాకు విషయం అర్థమైంది. చీపురు మూలన పెట్టి చెప్పులేసుకున్నాను.

నేను వెళ్లేసరికి స్కూలంతా మెట్ల దగ్గరే ఉంది. మిరపగింజ నడి మెట్టు మీద కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ బిగించింది. మెట్లు వెడల్పువే, పక్కనుంచి పోవచ్చు. అయినా ఎవరూ పోవడం లేదు. ఇంత తమాషా వదిలేసి లెక్కల క్లాసుకు ఎవడు పోతాడు? లెక్కల సారు పై మెట్టు మీద సుద్దముక్క పట్టుకుని నిలబడి, “ఇవాళ భిన్నాలు అయిపోవాలి,” అని ఎవరూ వినకపోయినా చెబుతున్నాడు. బుడంకాయ ఒక మెట్టు కింద తోడు కూర్చుంది. లంచ్ బాక్స్ తెరిచి తింటోంది.

పెద్ద మేడం నన్ను చూడగానే, “చూడండమ్మా! ఈ పిల్ల మంచి కోసం మేం ఏర్పాటు చేస్తే, ఇది సమ్మెకు దిగింది,” అంది.

లీడరు చెయ్యెత్తాడు. “మేడం, నేను ఎత్తుకుని కిందికి దించనా?”

“ముట్టుకుంటే కొరుకుతా,” అంది మిరపగింజ.

బుడంకాయ దాని బూటు మీద చిన్నగా కొట్టింది. “ఏమీ అనకూడదన్నావు కదే!”

“అనలేదు. ముందుగా చెప్పాను.”

ఇంతలో సోషల్ టీచరు పిల్లల్ని తప్పించుకుంటూ వచ్చి దాని పక్కన మెట్టు మీదే కూర్చుంది.

“ఇలా కూర్చోమని నీకెవరు నేర్పారమ్మా?”

“మీరే టీచర్. పోయిన వారం.”

పిల్లలు గొల్లుమన్నారు. టీచరు మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చి, పెద్ద మేడంకు కనబడకుండా తల పక్కకు తిప్పుకుంది.

“అది వేరు, ఇది వేరు,” అంది పెద్ద మేడం. “ఆవిడను అవమానించారు. మేం నీకు సాయం చేస్తున్నాం.”

“ఆవిడనీ అడగలేదు, నన్నూ అడగలేదు మేడం.”

పెద్ద మేడం నా వైపు తిరిగింది. “అమ్మమ్మగారూ, శుక్రవారం మీరు సరేనన్నారట కదా. మీరైనా చెప్పండి.”

అందరూ నన్నే చూశారు. మిరపగింజ మాత్రం చూడలేదు. బ్యాగును ఇంకా గట్టిగా పట్టుకుంది.

“అన్నానమ్మా,” అన్నాను. “మెట్లెక్కేదీ, బెంచీ వదిలి పోయేదీ నేను కాదు కదా, అందుకని సులువుగా అనేశాను. దాన్నే అడగండి.”

పెద్ద మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“సరే, అడుగుతున్నాను. కింది సెక్షనుకు మారతావా?”

“మారను మేడం.”

“మెట్లెక్కుతూ పడితే?”

“పడితే లేస్తాను. లేవనన్నది ఇవాళ ఒక్కరోజే.”

“మరి బ్యాగు?”

“నేనే మోసుకుంటా. మోయలేకపోతే నేనే ఎవరినైనా అడుగుతా.”

“వాన రోజున ఈ మెట్లు జారతాయి. అప్పుడు కడ్డీ పట్టుకునే ఎక్కాలి. అది నా షరతు. బ్యాగుతో ఎలా పట్టుకుంటావు?”

“బ్యాగు వీపుకుంటుంది మేడం. చేతులకుండదు.”

“సరే, లే,” అంది పెద్ద మేడం. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కోపం తగ్గింది, చిరాకు మాత్రం అలాగే ఉంది. లెక్కల సారు వైపు చూసి, “మీరు భిన్నాలు కానివ్వండి,” అంది.

మిరపగింజ కడ్డీ పట్టుకుని లేచింది. బ్యాగు తగిలించుకోవడానికి కాస్త తంటాలు పడింది. చుట్టూ ఉన్న చేతులన్నీ ఒక్కసారి ముందుకొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లాయి. లీడరు తన చేతుల్ని ఏం చేయాలో తోచక జేబుల్లో పెట్టుకున్నాడు.

“పట్టుకోనా?” అని అడిగాడు.

“వద్దు.”

“సరే.”

అది ఎక్కింది. దాని వెనక క్లాసంతా దాని నడక వేగంతోనే ఎక్కింది. నేను కింద నిలబడి చూశాను. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంది. వెనకవాళ్లూ ఆగారు.

చార్టు గోడ మీదే ఉంది. కాకపోతే ఆ రోజే టీచరు దాని పైన పెద్దక్షరాలతో “అడిగి చేసిన పనికే” అని రాసింది. ఆ మధ్యాహ్నం నుంచి లీడరు బెంచీ బెంచీకీ తిరుగుతూ “సాయం కావాలా? సాయం కావాలా?” అని కూరగాయల బండివాడిలా అరుస్తున్నాడని బుడంకాయ చెప్పింది.

ఆ సాయంత్రం మిరపగింజ గేటు బయటికి రాగానే రోజూలాగే బ్యాగు కోసం చెయ్యి చాపబోయి ఆపుకున్నాను.

“ఇస్తావా?”

కాస్త ఆలోచించింది. “ఇస్తా. ఇవాళ బాగా అలిసిపోయాను.”

భుజాన వేసుకునేసరికి నా ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది.

“ఏంటే ఇది, రాళ్లు గానీ మోస్తున్నావా?”

“సగం బుడంకాయ పుస్తకాలు. పొద్దున గేటు దగ్గర దాని బ్యాగు పట్టీ తెగిపోయింది. వాళ్లమ్మ కుట్టించేదాకా నా బ్యాగులో పెట్టనా అని అడిగాను. సరేనంది.”

“మరి టీచరుకు చెప్పలేదా? నీకూ ఒక నక్షత్రం వచ్చేది.”

అది నన్ను జాలిగా చూసింది. “చెబితే రేపట్నుంచి అందరూ దాని మీద పడతారు అమ్మమ్మా.”

బుడంకాయ వాళ్ల ఇల్లు మా వీధి మలుపులోనే. అక్కడ పుస్తకాలు దించేదాకా బ్యాగు నా భుజానే ఉంది. ఆ తర్వాత తేలికైంది. మిరపగింజ దాన్ని తిరిగి తీసేసుకుంది.