మగ్గం దగ్గర ఇద్దరు

ఇంద్రజ కాకినాడలో డిగ్రీలో చేరేటప్పుడు ఆమె తండ్రి గున్నేశ్వరరావు ఒకటే షరతు పెట్టాడు. సాయంత్రం ఐదూ ఇరవై బస్సు ఎక్కాలి. ఆ బస్సు ఆరున్నరకి రామచంద్రపురం చేరుతుంది. బస్టాండుకి ఎదురుగానే ఆయన బట్టల కొట్టు. ఏ రోజు ఆ బస్సులోంచి కూతురు దిగకపోతే ఆ రోజుతో చదువు ఆఖరు. ఆ ఇంట్లో ఇంటర్ దాటి చదివిన ఆడపిల్ల లేదు. ఆ మాత్రానికి ఒప్పించడానికే తల్లి కన్యకాపరమేశ్వరికి నెల పట్టింది.

ఏడాది పాటు ఇంద్రజ ఒక్కరోజు కూడా ఆ బస్సు తప్పిపోనివ్వలేదు. కాలేజీ, బస్టాండు తప్ప కాకినాడలో ఆమె చూసింది కూడా లేదు.

1998 ఆగస్టులో ఒక శుక్రవారం బోటనీ మేడం సెలవు పెట్టడంతో పదకొండింటికే ప్రాక్టికల్స్ రద్దయ్యాయి. ఇంద్రజ, ఆమె క్లాస్‌మేట్ సుప్రియ గేటు బయటికి వచ్చేసరికి ఉప్పాడ బస్సు ఆగి ఉంది. ఎక్కుదామంది సుప్రియ. ఎందుకని అడిగితే ఊరికే అంది. ఇంద్రజ వాచీ చూసుకుంది. మూడింటికల్లా తిరిగి రావచ్చనుకుంది. ఎక్కింది.

ఉప్పాడ పేరు ఆమె చిన్నప్పటినుంచి వింటోంది. కొట్లో తండ్రి చీర చెంగు తిరగేసి చూపించేవాడు. రెండు వైపులా పువ్వు ఒకేలా ఉంటుందని, ఒక్క నేతగాడు రెండు నెలలు కూర్చుని నేశాడని చెప్పేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే మాట. చీరలు ఏజెంటు తెచ్చి ఇచ్చేవాడు. గున్నేశ్వరరావు ఉప్పాడ ఎప్పుడూ వెళ్ళలేదు.

బస్సు దిగి కాసేపు సముద్రం చూశారు. తిరిగి వస్తుంటే ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. తలుపు తీసే ఉంది. మగ్గం ముందు గంగయ్య అనే నేతగాడు, అతని భార్య పాపాయి పక్కపక్కన కూర్చున్నారు. చీరలో సగం అతనిది, సగం ఆమెది. ఎవరి వైపు పువ్వులు వాళ్ళు వేస్తున్నారు. ఇంద్రజ తన ఊరు, తండ్రి కొట్టు సంగతి చెప్పి, ఒక్కరే నేస్తారని విన్నానంది.

పాపాయి నవ్వింది. "ఒక్కడే నేసేమాటైతే ఈయన నాతో మాట్లాడతాడాండి? మగ్గం మీద తప్పదు కాబట్టి మాట్లాడతాడు."

గంగయ్య తల ఎత్తకుండా, తనకి మాట్లాడే సందు ఎక్కడ దొరుకుతుందో ఆమెనే అడగమన్నాడు.

అన్నం వండడానికి పాపాయి లేచింది. మగ్గం ఆగింది. గంగయ్య ఆ ఖాళీ చోటు చూపించి ఇంద్రజని కూర్చోమన్నాడు. ఆమె ఒక పువ్వులో ఒక్క వరస దారం వేసింది. దానికి పావుగంట పట్టింది. అతను చూసి దాన్ని విప్పేశాడు.

రెండింటికి రోడ్డు మీదికి వస్తే బస్సులు లేవు. వాయుగుండం వల్ల అలలు బీచ్ రోడ్డు మీదికి వచ్చాయి. పిఠాపురం మీదుగా తిరిగి వెళ్ళే బస్సు ఐదింటికి అన్నారు. అంటే ఐదూ ఇరవై అందదు.

ఎస్‌టీడీ బూత్ దగ్గర సుప్రియ, స్పెషల్ క్లాసు ఉందని చెప్పమంది. ఇంద్రజ కొట్టు నంబరు తిప్పింది. తండ్రే తీశాడు.

"నాన్నగారూ, ఉప్పాడలో ఉన్నానండి."

"ఉప్పాడలో ఏంటమ్మా?"

"ఊరికే వచ్చామండి. చీర నేస్తుంటే చూశాం. రోడ్డు మీదికి సముద్రం వచ్చి బస్సులు ఆపేశారు."

అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆమె ఎనిమిదింటికి రామచంద్రపురంలో దిగింది. తండ్రి కొట్టు కట్టేసి బస్టాండులో నిలబడి ఉన్నాడు. పుస్తకాల సంచీ తీసుకుని ముందు నడిచాడు. మర్నాడు ఆ సంచీ అందకుండా బీరువా మీద పెట్టి ఉంది. ఇంద్రజ అడగలేదు. తల్లి, రెండు రోజులు ఆగమంది.

సోమవారం మధ్యాహ్నం తండ్రికి క్యారేజీ తీసుకుని కొట్టుకి వెళ్ళింది. నిశ్చితార్థం చీర కోసం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. గున్నేశ్వరరావు చెంగు తిరగేశాడు. రెండు వైపులా ఒకేలా ఉంటుందండి, అన్నాడు. ఒక్క నేతగాడు అని మొదలుపెట్టి ఆగాడు. చీర చేతిలోనే ఉంది. గుమ్మంలో ఉన్న ఇంద్రజ వైపు చూశాడు.

"ఏమ్మా, ఎంతమంది కూర్చున్నారక్కడ?"

"ఇద్దరండి. భార్యాభర్తలు."

"ఒకరు లేస్తే?"

"రెండోవారు కూడా ఆగిపోవాలండి. నేను కూర్చుని ఒక వరస వేశాను. బాలేదని విప్పేశారు."

కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ నవ్వి, చీర చేతిలోకి తీసుకుని పువ్వులు చూడడం మొదలుపెట్టింది. ఆయన కూడా వంగి చూశాడు.

"ఇద్దరు కూర్చుంటారండి," అన్నాడు ఆవిడతో. "మా అమ్మాయి చూసొచ్చింది."

వాళ్ళు ఆ చీర తీసుకోలేదు, గులాబీ రంగుది తీసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక గున్నేశ్వరరావు క్యారేజీ విప్పుతూ, రేపు పొద్దున్న ఎన్నింటి బస్సని అడిగాడు.

"ఏడుంబావుదండి."

"సంచీ దించుకో. ఆలస్యమయ్యేలా ఉంటే మొన్నటిలాగే ఫోన్ చెయ్యి." ముద్ద కలుపుతూ మళ్ళీ అడిగాడు. "ఉప్పాడలో ఆ ఇల్లు, బస్సు దిగాక ఎంత దూరం?"