సీలు పగిలిన గేరుబాక్సు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బస్సుకు కొత్త గేరుబాక్సు దొరకడం గగనమైపోయింది. కమలాపురం, కడపల మధ్య సొంత బస్సు తిప్పుకునే దావీదురాజు ఉన్న ఒక్క చేనూ అమ్మి, మద్రాసు కార్ఖానా ఒకదాంట్లో పాతదాన్ని విప్పి, అరిగిన పళ్లచక్రాలు మార్చి బిగించిన గేరుబాక్సు తెచ్చుకున్నాడు. ఏడాది గ్యారంటీ ఇచ్చారు. షరతు ఒక్కటే: మూత మీది సీసపు సీలు చెదరకూడదు. చెడితే మద్రాసుకే తేవాలి, వాళ్లే విప్పాలి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, నేతపని చేసే హనుమన్న నొప్పులు పడుతున్న భార్య చౌడమ్మను ఆ బస్సెక్కించాడు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కడప ఆసుపత్రే దిక్కు.

సగం దారిలో గేరుబాక్సు ఫెళ్లుమంది. గేరు రాడ్డు దావీదురాజు చేతిలో వదులుగా ఊగింది. లోపల గేరును నెట్టే కొక్కెం విరిగిందని అతనికి అర్థమైంది. మూత తీసి ఇనుపకడ్డీతో నెడితే బండి కదులుతుంది. కానీ సీలు?

రోడ్డు మీద మరో బండి జాడ లేదు. చౌడమ్మ కేకలు మూలుగులయ్యాయి.

"ఏమప్పా, అట్ల నిలబడినావు? నా పెండ్లాం సొమ్మసిల్లిపోతాండాది!" అంటూ హనుమన్న అతని చేతులు పట్టుకున్నాడు.

దావీదురాజు సుత్తి తీసి సీలు పగలగొట్టాడు.

బస్సు ఒకే గేరులో మూలుగుతూ కడప చేరింది. చౌడమ్మ దక్కలేదు. బిడ్డా దక్కలేదు. హనుమన్న తన మగ్గం మీద నేసిన చీరే ఆమె మీద కప్పి పక్కన కూలబడ్డాడు.

దావీదురాజు గేరుబాక్సును గోనెపట్టాలో చుట్టి మద్రాసు రైలెక్కాడు. కార్ఖానా మేనేజరు మూత చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"సీలు మీరే పగలగొట్టారు."

"కొక్కెం ఇరిగినాకే ఇప్పినాను సామీ. బండ్లో ఒగామె పానం మీదికొచ్చింటే ఏం చేసేది?"

"అదే విరిగిందో, మీ కడ్డీకి విరిగిందో మాకెలా తెలుస్తుంది? సీలుంటే మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చేవాళ్లం." గేరుబాక్సు మూత మూసేస్తూ అడిగాడు, "పోనీ, ఆమె బతికిందా?"

"లేదు సామీ."

మేనేజరు ముఖం తిప్పుకుని గేరుబాక్సును అతని వైపే నెట్టాడు.

బస్సు తిరగకపోయేసరికి దాని పర్మిటు వేరే అతనికి పోయింది. దావీదురాజు ఎర్రగుంట్ల స్టేషనులో రాళ్లు మోసే పనిలో చేరాడు.

"నువ్వు చేసిన మంచి దేవునికి తెలుసులే," అంది అతని భార్య కృపమణి.

"తెలిసింటే ఆ తల్లినన్నా ఉంచేటోడు గదా," అన్నాడు.

ఆ ఆదివారం చర్చికి పోదాం లెమ్మని ఆమె ఎంత బతిమాలినా, గోడవైపు తిరిగి పడుకున్నవాడు లేవలేదు.