ముగింపు ప్రార్థన

"ఇంకో ఇద్దరు ఎక్కువొస్తారేమో, బియ్యం మరో రెండు గ్లాసులు పొయ్యి జ్యోతీ" అన్నాడు సత్యానందం, అద్దంలో టై సరిచేసుకుంటూ. అప్పటికి నేను వంటింట్లో మూడో చేపకి పొలుసు గీకుతున్నాను. కొలోన్‌లో ఆదివారం అంటే నాకు ఇదే. ఈ రేవులో పనామా కాలువ దాటడానికి వంతు కోసం ఎదురుచూసే ఓడల్లో తెలుగువాళ్లుంటే మా ఆయనకి ముందే తెలుస్తుంది. పనిచేసేది అమెరికా షిప్పింగ్ కంపెనీలో కదా. కాకినాడ వాడో, భీమిలి వాడో కనిపిస్తే చాలు, "మా ఇంట్లో ప్రార్థన, ఆనక భోజనం" అని పిలిచేస్తాడు. పిలుపు ఆయనది, చేపలు కడగడం నాది. వచ్చేవాళ్ల మీద నాకేం కోపం లేదు. నెలల తరబడి నీళ్లమీద బతికి, చారు వాసనకే కళ్లు తుడుచుకునే మనుషులు వాళ్లు. నా కోపమంతా నన్నడక్కుండా నా రెండు చేతుల్నీ దానం చేసే మనిషి మీద.

గుంటూరులో నర్సింగ్ చదివి, నా ఉద్యోగం మీద నేను అమెరికాలోని జెర్సీ సిటీ వెళ్లాను. పెళ్లయ్యాక నా వీసా మీదే సత్యానందం వచ్చాడు. ఆయన కాలేజీకి వెళ్లినన్నాళ్లూ నేను నైట్ డ్యూటీలు చేశాను. ఆ సంగతి ఆయన ఎక్కడా చెప్పడు. "దేవుడు నడిపించాడు" అంటాడు. నా కాళ్ల వాపులు దేవుడికి తెలుసులే అని నేనూ ఊరుకున్నాను. ఈ కంపెనీవాళ్లు కొలోన్‌కి పంపినప్పుడు "ఒక్క ఏడాదే కదా, హాస్పిటల్‌లో లీవ్ పెట్టు. భార్య పక్కన లేకపోతే ఆఫీసులో ఏమనుకుంటారు?" అన్నాడు. అప్పుడు మా దగ్గరే ఉన్న అత్తగారు "మొగుడు సంపాదిస్తుంటే ఇంకా పరాయి మగాళ్ల ఒళ్లు తుడవడమేంటమ్మా" అని తన వంతు అనేసింది. ఆ ఒళ్లు తుడిచిన డబ్బుతోనే కొడుకు ఇంజనీరయ్యాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. జనవరి వరకు నా ఉద్యోగం నాకోసం ఉంచుతానని మా హెడ్ నర్స్ మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే ఇక్కడ రోజులు నెట్టుకొస్తున్నాను.

ఇక్కడ నా లైసెన్స్ చెల్లదు. బయట ఎప్పుడూ వానే, వాన లేకపోతే ఉక్క. బీరువాలో బట్టలకి బూజు పట్టకుండా లోపల ఒక బల్బు వెలిగించి ఉంచాలి. అయినా నా తెల్ల బూట్లకి పచ్చటి బూజు పట్టింది. బాల్కనీలోంచి చూస్తే రోడ్డుకి అవతల కెనాల్ జోన్, అంటే కాలువ వెంబడి అమెరికావాళ్లు ఏలే నేల. నున్నగా కోసిన గడ్డి, అమెరికా పోస్టాఫీసు. అదంతా పనామాకి తిరిగి ఇచ్చేస్తామని అమెరికావాళ్లు పోయినేడే, డెబ్భై ఏడులో, సంతకం పెట్టారట. తనది కానిదాన్ని తిరిగి ఇవ్వడానికి దేశాలైనా ఒక తేదీ పెట్టుకుంటున్నాయి. కింద వాచ్‌మన్ నన్ను "సెన్యోరా దె సత్యానందం" అని పిలుస్తాడు, అంటే సత్యానందం గారి ఆవిడ. ప్రేమజ్యోతి అనే పేరు ఈ ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. కొన్ని మధ్యాహ్నాలు చేసే పనేమీ లేక నా నాడి నేనే పట్టుకుని చూసుకునేదాన్ని. అది సరిగ్గానే కొట్టుకునేది. ఎందుకు కొట్టుకుంటోందో మాత్రం నాకు తెలిసేది కాదు.

ఆ ఆదివారం నలుగురు వచ్చారు. అందరిలో పెద్దాయన దైవాశీర్వాదం, కాకినాడ. రాగానే "ఇబ్బంది పెడతన్నాం చెల్లెమ్మా" అన్నాడు. ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. చాప మీద కూర్చుని పాట పాడుకున్నాం. తర్వాత అందరం కళ్లు మూసుకున్నాం. సత్యానందం ప్రార్థన మొదలుపెట్టాడు.

"మహోన్నతుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. ఈ పట్టణంలో మా చిన్న పరిచర్యని ఆశీర్వదించి, ఇంకా మూడేళ్లు ఇక్కడే ఉండే భాగ్యం మాకు దయచేసినందుకు వందనాలు ప్రభువా..."

నేను కళ్లు తెరిచాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. ఆయన మొహం ఎంతో ప్రశాంతంగా ఉంది. ఇంకో మూడేళ్లు ఉంటామని కంపెనీకి ఒప్పేసుకున్నాడు. నాకు చెప్పకుండా దేవుడికి చెప్పాడు. మాలో ప్రార్థన మధ్యలో ఎవరూ నోరెత్తరు, అందులో చెప్పినదానికి ఎదురు ప్రశ్న ఉండదు. తన సంబంధం ఖాయమైన సంగతి తండ్రి చేసిన ప్రార్థనలో విని తెలుసుకున్న ఆడపిల్లలు నాకు తెలుసు. అందరూ "ఆమేన్" అన్నారు. నా నోరు కూడా అనేసింది, చిన్నప్పటి అలవాటు కొద్దీ. అలా అన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఏడుపు కూడా రాలేదు. బావిలో పడ్డవాళ్లకి పైన మనుషుల మాటలు వినిపించినట్టు, ఆ తర్వాత ఆయన చదివిన వాక్యం ఎక్కడినుంచో వినిపించింది.

"ముగింపు ప్రార్థన మా ఆవిడ చేస్తుంది" అన్నాడు. భోజనానికి ముందు ఇల్లాలికి అప్పగించే పని అది.

మళ్లీ కళ్లు మూసుకున్నాం. ఓడల మీద ఉన్నవాళ్లని క్షేమంగా ఇళ్లకి చేర్చమన్నాను. ఈ ఆహారాన్ని దీవించమన్నాను. అక్కడితో ఆపాలి. ఆపలేదు. "తండ్రీ, జనవరిలో నేను ఒక్కదాన్నే జెర్సీ సిటీ వెళ్లిపోతున్నాను. దారిలో తోడుండు. నా పనిలో నన్ను మళ్లీ నిలబెట్టు" అన్నాను. ఆయన కళ్లు తెరుస్తాడని, మొహం ఎర్రబడుతుందని, వీళ్లు వెళ్లగానే నన్ను నిలదీస్తాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే ఆ పోట్లాట నాకు కావాలి. గట్టిగా "వద్దు, ఉండిపో" అంటే ఉండిపోయేదాన్నేమో కూడా.

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది సత్యానందమే. అని, చేతులు తుడుచుకుని, "వడ్డించెయ్ జ్యోతీ, పులుసు చల్లారిపోతుంది" అన్నాడు.

ఆయన వినలేదు. పక్కనే కూర్చుని, నా మాట ఒక్కటీ వినలేదు. నేను లేచి అన్నం గిన్నె తెచ్చాను. ఆయన పళ్లెంలో చేప ముక్క వేశాను. ఇక ఆయన్ని అడగాల్సింది ఏమీ మిగల్లేదు. టికెట్ కొనడమొక్కటే ఉంది.

దైవాశీర్వాదం మాత్రం అన్నం ముట్టకుండా నన్నే చూస్తున్నాడు. "నిజంగానే ఎల్లిపోతన్నావేంటి చెల్లెమ్మా?" అన్నాడు మెల్లిగా.

సత్యానందం ముద్ద కలుపుతూ తలెత్తాడు. "ఎక్కడికి?" అని అడిగాడు. నన్ను కాదు, దైవాశీర్వాదాన్ని.