నడుం వాల్చని నిఘంటువు

నేను ఒక లాటిన్ నిఘంటువుని. ఇటుకంత ఉంటాను. ఇటుకలాగే నన్నూ ఎవరూ సరదాకి చేతిలోకి తీసుకోరు. ప్రస్తుతం గుంటూరు వైపు ఒక బిషప్పుగారి బంగళాలో ప్రదర్శనశాల అని పేరు పెట్టిన గదిలో, బల్ల మీద బార్లా తెరుచుకుని కూర్చుని ఉన్నాను. పక్కన అట్టముక్క మీద 'పురాతన బైబిలు' అని రాసిపెట్టారు. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి మరీ దండం పెట్టుకుని వెళ్తున్నారు. నేను బైబిల్ని కాదు తల్లీ అని చెప్పుకుందామంటే, నా భాషని ఇంటి భాషగా మాట్లాడేవాళ్ళు ఎప్పుడో పోయారు. పోనీలే, ఈ వయసులో దండాలు వద్దనడం ఎందుకని ఊరుకున్నాను.

సముద్రాల అవతల, తెల్లదొరల సీమలో, ఎప్పుడూ వాన కురిసే ఒక ఊళ్ళో, అచ్చుకూటంలో పుట్టాను. సీసపు అక్షరాలు ఏరి నన్ను పేర్చిన పనివాళ్ళకి లాటిన్ ముక్క రాదు. నన్ను రాసిన పండితులకి మాత్రం అది తప్ప వేరే లోకం లేదు. వాళ్ళు పెట్టిన పద్ధతి ఏమిటంటే, ఒక మాటకి ఇదీ అర్థం అని నేను సొంతంగా ఎక్కడా చెప్పకూడదు. పూర్వం ఎవరు ఎలా వాడారో సాక్ష్యాలు చూపించాలి. ఈ కవి యుద్ధం గురించి రాస్తూ ఇలా వాడాడు, ఆ వక్త న్యాయసభలో ఎదుటివాణ్ణి తిడుతూ అలా వాడాడు, సేద్యం మీద రాసిన పెద్దమనిషి ఇంకోలా వాడాడు అని. తీర్పు చదివేవాడిదే. అందుకే ఒక్క అర్థం కోసం నా దగ్గరికి వచ్చినవాడు ఏడెనిమిది అర్థాలు నెత్తికెత్తుకుని, వచ్చినప్పటికంటే అయోమయంగా వెళ్తుంటాడు. ఇంకో తమాషా కూడా ఉంది. నా సాక్షుల్లో ఎక్కువమంది క్రీస్తుని ఎరగనివాళ్ళు, ఇంటినిండా బానిసలని పెట్టుకుని తీరుబడిగా కవిత్వం రాసుకున్నవాళ్ళు. అలాంటివాళ్ళ మాటలు మోసుకుని నేను చేరింది గురువుల మఠానికి.

నన్ను ఓడలో తెచ్చింది గడ్డమున్న ఒక తెల్లదొర గురువు. ఆయన తెలుగు నేర్చుకున్నాడు, ఊళ్ళవాళ్ళకి లాటిన్ పాటలు నేర్పాడు, ఇక్కడి జ్వరం పట్టుకుని ఇక్కడి మట్టిలోనే కలిశాడు. తర్వాత గురువులు కావడానికి చదివే సెమినరీ కుర్రాళ్ళ చేతుల్లో పడ్డాను. వాళ్ళ చెమట నా అంచులకి ఇంకా ఉంది. పరీక్షలప్పుడు నన్ను తిట్టుకునేవాళ్ళు, మిగతా రోజుల్లో తలకింద పెట్టుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే తలగడ ఉద్యోగమే సుఖంగా ఉండేది.

ఇంతలో పూజలు తెలుగులోకి మారాయి. లాటిన్ చదివే అవసరం పోయింది. నన్ను పాత కాగితాలవాడి ముందు పెడితే, కాగితం మరీ పల్చన, పొట్లాలకి కూడా ఆగదని తోసేశాడు. ఆ పరాభవం చూసి జాలిపడి నన్ను సైకిలు క్యారేజీకి కట్టుకుని తీసుకెళ్ళినాయన ఫాదర్ బాలశౌరి. నరసరావుపేటకి అవతల బొంతలపాడులో గుడినీ జనాన్నీ చూసుకునే విచారణ గురువు ఆయన. మంచివాడు. కానీ ఏ విషయమూ తేల్చుకోలేడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని వంటామె అడిగితే, నిన్నటితో పోలిస్తేనా మొన్నటితో పోలిస్తేనా అని ఆలోచించేవాడు. అలాంటివాడికి నాలాంటి పుస్తకం దొరకడం అగ్నికి ఆజ్యం దొరకడమే.

సైకిలు మీద గతుకులకి నా నడుం విరిగింది. ఫాదర్‌గారు నన్ను గుంటూరులో బైండు చేయించారు. కొత్తగా వచ్చిన తెలుగు ప్రార్థనల పుస్తకాన్ని కూడా అదే చేత్తో ఇచ్చారు. బైండరు ఇద్దరికీ ఒకే నల్ల క్యాలికో గుడ్డ వేసి, కవల పిల్లల్లా చేసి పంపాడు. ఇది గుర్తుంచుకోండి.

బొంతలపాడులో ఇన్నాసమ్మ అని ఒకామె ఉండేది. చావు ఎవరింట్లో జరిగినా పాట ఎత్తేది ఆమే. పొద్దంతా మిరపచేలో పని, ఇంటికొచ్చాక తొడిమలు తీసే పని. ఒకరోజు మధ్యాహ్నం గుడి వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. ఆయాసపడుతోంది.

"ఫాదరుగారూ, ఊళ్ళో ఎవురు పోయినా రెక్వియెమ్ అని ఎత్తేది నేనే గదండీ. మా అమ్మ పాడింది, నేను పాడాను. దేవుణ్ణి ఏం అడుగుతున్నానో మాత్రం ఇప్పటిదాకా నాకు తెలవదు."

"విశ్రాంతి అమ్మా. పోయినవారికి విశ్రాంతి దయచేయమని. కొత్త పుస్తకంలో తెలుగులో ఉంది గదా."

"విశ్రాంతా? అది పేట టేసన్లో గది మీద రాసుంటదండీ. సూటుకేసులోళ్ళు కూసునే గది. మమ్మల్ని అందులోకి రానియ్యరు." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "గుండె చెడింది, ఎన్నాళ్ళో ఉండవన్నాడు డాకటేరు. అందరి కోసం ఏందో తెలవకుండానే అడిగాను, పోనియ్యండి. నాకోసం అడిగేటప్పుడన్నా నాకు తెలిసే మాటతో అడగండి. నేను పోకముందే ఆ మాట నా చెవినెయ్యండి."

ఫాదర్‌గారి మొహం ఎర్రబడింది. మంచి మాట వెతికి చెబుతానని మాటిచ్చి, కూర్చోమన్నారు.

"కూసునేందుకు ఎక్కడ తీరుద్దండీ, కాయలు కల్లంలో ఉండాయి. తెల్లారి లేచినకాణ్ణుంచి నడుం వాల్చింది లేదు," అంటూ ఆమె మెట్లు దిగింది.

ఆ మాట ఆయన వినలేదు. అప్పటికే ఆయన వేలు నా పుటల్లో ఉంది. నేను విన్నాను గానీ, నాకు నోరేదీ?

ఇక చూడండి నా పాట్లు. ఆ రెక్వియెమ్‌కి మూలమైన 'రెక్వియెస్' అన్న మాట దగ్గర నన్ను తెరవడం, సాక్షులందర్నీ ఒక్కొక్కళ్ళనే పిలవడం. పనిలో తీసుకునే విరామం అన్నాడు ఒకడు. మనసుకి ఊరట అన్నాడు ఇంకొకడు. పొద్దుపుచ్చే వినోదం అన్నాడు ఒక జమీందారు కవి. విత్తకుండా వదిలేసిన చేనుకి కూడా ఇదే కుటుంబపు మాట వాడినవాళ్ళున్నారు. ఫాదర్‌గారు నెమ్మది అనుకున్నారు, అది జ్వరం తగ్గినప్పుడు అనే మాట కదా అని కొట్టేశారు. శాంతి అనుకున్నారు, మరీ పెద్దమాట అనుకున్నారు. సేద తీరడం అనుకున్నారు, అది కవిత్వంలా ఉందన్నారు. తినే అన్నం చల్లారిపోయేది, ఆయన మాత్రం నన్ను మూసేవారు కాదు. మిరపకాయలు బస్తాలకెక్కాయి. ఇన్నాసమ్మ గుడికి రావడం మానేసింది. ఇంకా నాలుగు రోజులు ఆగితే సరైన మాట దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండేది. చచ్చిపోయిన రచయితలకి తొందరేముంది? తొందరున్న మనిషి నాలుగు వీధుల అవతల ఉంది.

ఒక సాయంత్రం ఆమె కూతురు ఆరోగ్యం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఫాదరుగారూ, మా అమ్మ మిమ్మల్ని తీసకరమ్మంటంది. తొరగా రండి."

ఆయన కంగారుగా, పోయేవాళ్ళ నుదుట పూసే తైలం సీసా జేబులో వేసుకుని, బల్ల మీద ఉన్న నల్ల పుస్తకం చంకలో పెట్టుకుని పరిగెత్తారు. ఆ నల్ల పుస్తకం నేను. ప్రార్థనల పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

గదిలో మిరపఘాటుకి అందరూ దగ్గుతున్నారు. ఇన్నాసమ్మని బస్తాలకి ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. కొన్నాళ్ళుగా పగలూ రాత్రీ అలా కూర్చునే ఉందట. ఫాదర్‌గారు తైలం పూసి, నన్ను తెరిచి చూస్తే ప్రార్థనలు లేవు, అన్నీ లాటిన్ మాటల వరసలే. చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గరికి నిఘంటువు పట్టుకెళ్ళిన గురువు లోకంలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు. నన్ను మూసి, కంఠతా వచ్చిన లాటిన్ మొదలుపెట్టారు. ఇన్నాసమ్మ చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపింది.

ఫాదర్‌గారు ఆమె వంక చూశారు. బస్తాకి ఒరిగిన ఆ వీపు వంక చూశారు. నన్ను పక్కన పెట్టి, నేలమీద మోకరిల్లారు.

"ప్రభువా, ఈ తల్లి పుట్టినకాణ్ణుంచి వంచిన నడుం ఎత్తలేదు. ఇప్పుడు పడుకుందామన్నా ఊపిరి ఆడటంలేదు. ఇంక చాలు. ఈమెని నడుం వాల్చనియ్యి."

ఇన్నాసమ్మ కళ్ళు తెరిచింది.

"ఇదా నేను అందరికీ అడిగింది?"

"ఇదేనమ్మా."

"మంచిదే అడిగాను," అంది.

దీపాలు పెట్టకముందే పోయింది. ఆరోగ్యం, ఇంకో ఆవిడా ఆమెని బస్తాల మీంచి తీసి, మెల్లిగా వెల్లకిలా పడుకోబెట్టారు. నేను ఎన్ని మాటలు మోశానో లెక్కలేదు గానీ, అప్పుడు నాకు ఏడవడం చేతనైతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి ఫాదర్‌గారు ఆ మాట పక్కన, నా అంచున, పెన్సిలుతో 'నడుం వాల్చడం' అని రాశారు. సాక్షి పేరు కూడా రాశారు, ఇన్నాసమ్మ, బొంతలపాడు అని. ఆ తర్వాత తరచూ ఆ పుట తెరిచి ఊరికే చూస్తూ కూర్చునేవారు. అలా చూసీ చూసీ నా నడుం అక్కడికే అలవాటు పడింది. ఎవరు ఎలా పట్టుకున్నా అక్కడే తెరుచుకుంటాను. ఆయన పోయాక నన్ను ఈ బల్లమీదికి తెచ్చారు. ప్రదర్శనకి పెట్టిన పుస్తకం తెరిచే ఉండాలట. ఫ్యానుగాలికి పుటలు రెపరెపలాడుతుంటే, కుట్లు సాగి నడుం లాగేస్తూ, ఏళ్ళ తరబడి ఇలాగే ఉన్నాను.

మొన్న పండక్కి ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చారు. అందరూ దండం పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒక ముసలామె మాత్రం నా మీదికి వంగి, అంచున ఉన్న పెన్సిలు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఇన్నాసమ్మ పేరు దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. అప్పుడు గుర్తుపట్టాను, ఆరోగ్యం. కొంగుతో కళ్ళు తుడుచుకుని అటూ ఇటూ చూసింది. 'ముట్టరాదు' అన్న బోర్డు ఆమె చదవలేదో, చదివినా లెక్కచెయ్యలేదో తెలియదు.

"ఇదేం పాడుబుద్ధో, ఇట్టా ఇరగదీసి కూసోబెట్టారు," అంటూ నన్ను రెండు చేతులతో మూసి, వెల్లకిలా పడుకోబెట్టి, అట్ట మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున గది తాళం తీసినతను, దీన్నెవరు మూశారని గొణుక్కుంటూ మళ్ళీ అదే పుటకి తెరిచిపెట్టాడు. తెరిస్తే తెరవనీ. ఆ మాటకి నాలో అంతమంది సాక్షులు ఉండగా, దాని అర్థం నాకు తెలిసింది, ఆరోగ్యం పడుకోబెట్టి వెళ్ళిన ఆ ఒక్క రాత్రే.